ఎదుటి కొండ మీద అద్దం

రాయి చేత కూడా మాట్లాడించగల నోరు నాది. ఇది నేను నా గురించి చెప్పుకునే గొప్ప కాదు, నా మాటలకి బలైనవాళ్ళందరూ ఒప్పుకున్న సంగతి. చిన్నప్పుడు పొలిమేర రాయి పక్కన కూర్చుని పొద్దున్నించి కబుర్లు చెబుతూ ఉంటే, మధ్యాహ్నానికి అది "ఇక చాలు బాబూ, కాస్త నడుం వాలుస్తాను" అంది. అలాంటి నోటితోనే, మాట మానేసిన మా మనవరాలి చేత ఒక వేసవిలో మళ్ళీ మాట్లాడించాను. ఆ సంగతే చెబుతున్నాను.

అప్పట్లో నేను అడవిలో మంటల కాపలా చేసేవాణ్ణి. ఆకు రాలడం మొదలైన దగ్గర్నించి తొలి వాన పడేదాకా కొండ నెత్తి మీద, పొడవాటి గుంజల మీద కట్టిన మంచెలో ఉండాలి. ఎక్కడైనా పొగ లేస్తోందా అని నాలుగు దిక్కులా చూడాలి. అంతే పని. లోయకి అవతల ఎదురుగా ఇంకో కొండ, దాని మీద ఇంకో మంచె, అందులో ఇంకో ముసలాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా నేనతన్ని బావా అనేవాణ్ణి, అతను నన్ను బావా అనేవాడు. ఎవరి చెల్లెల్ని ఎవరు చేసుకున్నారో చివరిదాకా తేలలేదు. ఆ కొండ కంటికి చేతికందేంత దగ్గర, కాలికి సగం రోజు నడక.

అక్కడ ఫోన్లు పలకవు. అద్దాలే మాకు గతి. అరచెయ్యంత అద్దం, దాని వెనక పూత మధ్యలో గోరంత మేర గీకేసి ఉంటుంది. అద్దం వీపు మన కంటికి ఆనించుకుని, ఆ కన్నంలోంచి ఎదుటి మంచెని చూస్తూ, ఎండ అటు పడేలా మెల్లగా వంచాలి. పొద్దున్న ఒక మెరుపు, సాయంత్రం ఒక మెరుపు. అంటే నేను బాగానే ఉన్నానని. ఆపకుండా మెరిపిస్తే పొగ కనిపించిందని, కింద ఆఫీసు వైపూ అలాగే మెరిపిస్తే వాళ్ళు అది చూసి జీపెక్కుతారు. మబ్బు పట్టిన రోజు గుంజకి తెల్లగుడ్డ కడతాం. ఎండ కాస్తూ ఉండి కూడా అద్దం మెరవలేదంటే, చేతిలో పని వదిలేసి వెళ్ళి చూడాలి.

ఆ వేసవి మొదట్లో మా అమ్మాయి తన కూతుర్ని వెంటబెట్టుకుని కొండెక్కి వచ్చింది. నాకు ముందుగా కనిపించింది మా అమ్మాయి పాపిట. దారి తప్పిన చీమలబారులా వంకరటింకరగా ఉంది. చిన్నప్పట్నించీ గీత గీసినట్టు పాపిట తీసుకునే పిల్ల.

"ఏమ్మా, కళ్ళు మూసుకుని దువ్వుకున్నావా?"

"ఇంట్లో అద్దాల్లేవు నాన్నా" అంది. మనవరాలు నీళ్ళతొట్టి దగ్గరికి వెళ్ళేదాకా ఆగి, అప్పుడు గొంతు తగ్గించి మిగతాది చెప్పింది.

మా అల్లుడు పోయి అప్పటికి ఏడాది కూడా తిరగలేదు. మనవరాలికి పదహారేళ్ళు. తండ్రి మొహమే ఊడిపడినట్టుంటుంది. అదే ముక్కు, దాని మీద కలిసిపోయిన అవే కనుబొమలు. మా అల్లుడు నేను కోతలు కోస్తుంటే ఎప్పుడూ ఎదురు చెప్పేవాడు కాదు. ఎడమ కనుబొమ ఒక్కటీ పైకెత్తేవాడు. దాంతో నా కథలో ఎలుగుబంటి కాస్తా కుక్కపిల్లయి కూర్చునేది.

"పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళూ దీని గడ్డం పట్టుకోవడం, అచ్చం నాన్నే అని ఏడవడం. ఓ రోజు స్నానాల గదిలో అద్దం పగలగొట్టింది. తర్వాత బీరువాది. తర్వాత వీధిలో స్కూటర్ల అద్దాలు. ఆఖరికి బడిలో. గాజుముక్క ఎగిరి పక్కపిల్ల కంటి కింద గీసుకుపోయింది. సెలవులయ్యాక తీసుకురండి, మామూలుగా ఉంటే చూస్తాం, లేకపోతే పేరు తీసేస్తాం అన్నారు."

"మాట్లాడుతుందా?"

"ఊ, ఊహూ. అంతే." మా అమ్మాయి కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వైతే ఏదో ఒకటి వాగుతూనే ఉంటావు కదా, దానికి మనసు మళ్ళుతుందని తెచ్చాను. ఒక్కటే నాన్నా. ఒంటరిగా వదలకు. అద్దమన్నది దాని కంటపడనీకు."

"నా వాగుడికి అడవే లొంగింది, నీ కూతురెంత" అన్నాను.

మా అమ్మాయి అదే రోజు కొండ దిగింది. మర్నాటి నుంచీ నేను మొదలుపెట్టాను. ఒక ఏడు ఎండలు ఎంత ముదిరాయంటే, నా నీడ నన్ను వదిలేసి చెట్టు కిందకి పోయి కూర్చుందని చెప్పాను. పిల్ల లేచి బయటికి వెళ్ళింది. ఎలుగుబంటికి దువ్వెన అరువిస్తే తిరిగి ఇవ్వలేదని చెప్పాను. నిచ్చెన దిగి వెళ్ళిపోయింది. నేను ఎటు నుంచి కథ మొదలుపెడితే అటువైపు వీపు తిప్పేది. చేతిమీద గాజు గీతలు ఎండి తెల్లబడ్డాయి. వాటిని గోటితో గిల్లుతూ, ఏ చెట్టు మొదట్లోనో మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చునేది. నేను దూరంగా, చెట్టు చాటున, కనిపించకుండా కాపలా. మంటలకి ఒక కాపలా, మనవరాలికి ఒక కాపలా.

అద్దాన్ని సరుకుల డబ్బాలో దాచాను. పొద్దునా సాయంత్రం మంచె వెనక్కి పోయి దొంగలా మెరిపించి వచ్చేవాణ్ణి. నా అద్దం సరే, బావ అద్దాన్ని ఎక్కడ దాచను? ఒక పొద్దున్న పిల్ల నీళ్ళు ముంచుకుంటూ ఉండగా ఎదుటి కొండ మీద చుక్క పొడిచింది. పట్టపగలు, పచ్చటి కొండ మీద, కంటికి గుచ్చుకునేంత తెల్లటి చుక్క. ఒక్క క్షణం ఉండి ఆరిపోయింది.

చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అదేంటి?"

వచ్చిన దగ్గర్నించి అది అడిగిన మొదటి మాట. అబద్ధం వెయ్యి రకాలుగా నోటిదాకా వచ్చింది. అల్లుడి కనుబొమలు ఎదురుగా ఉన్నాయి మరి, చెప్పలేకపోయాను.

"అద్దం" అన్నాను.

చెంబు కింద పెట్టింది. తర్వాత చెయ్యి చాపింది. భయపడుతూనే డబ్బాలోంచి తీసి, వీపు దానివైపుండేలా అందించాను.

"ఇందులో మొహం కనిపించదా?"

"ఇటు నుంచి కనిపించదు తల్లీ. దీని మొహం ఎప్పుడూ అవతలి కొండ వైపే. మనకి కనిపించేది అవతలి మనిషి ఉన్న చోటు."

కన్నంలోంచి చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా వంచింది. అవతల్నించి బావ వెంటనే జవాబిచ్చాడు. పిల్ల అద్దం దించకుండా ఇంకోసారి మెరిపించింది. ఆ రోజు నుంచీ మా కొండ మెరుపు దాని చేతిపని.

ఎండలు ముదిరాక బావ జ్వరంతో కిందకి దిగుతూ మా మంచె దగ్గర ఆగాడు.

"నీ మొహమేంటి బావా, ఉడకబెట్టిన దుంపలా ఉంది" అన్నాను.

"ఇన్నాళ్ళు నీ మొహం చూస్తూ బతికాను కదా, దాని ప్రభావం" అన్నాడు మూలుగుతూ. "నా మంచె ఖాళీ. బదులు మనిషి దొరికేదాకా ఆఫీసరు గారు నిన్నే రెండు కొండలూ చూడమంటారేమో, ఆ కొండ మీదో కాలు, ఈ కొండ మీదో కాలు వేసి నిలబడు."

"నేను వెళ్తాను."

ఇద్దరం తిరిగి చూశాం. పిల్ల నిచ్చెన మొదటి మెట్టు మీద నిలబడి ఉంది.

"ఎక్కడికమ్మా?"

"ఆ కొండకి. ఒక్కదాన్నే ఉంటాను."

"ఒక్కదానివే ఎలా ఉంటావే, అడవది. రాత్రయితే" అని మొదలుపెట్టానో లేదో, "తాతయ్యా" అంది. గొంతు పెంచలేదు. "నాన్న పోయిన రోజు నుంచీ నా పక్కన ఎవరో ఒకరు ఉంటూనే ఉన్నారు. నువ్వు చెట్టు చాటున ఉన్నా నాకు తెలుస్తోంది. దగ్గుతావు."

బావ నవ్వబోయి దగ్గాడు. నాకు మా అమ్మాయి మాట గుండెలో ముల్లులా ఉంది. ఒంటరిగా వదలకు. వదిలితే, రేపు జరగరానిది జరిగితే, ఆ వంకర పాపిట ఎదుటికి నేను ఏ మొహంతో వెళ్ళాలి? బావ నా భుజం మీద చెయ్యి వేసి, "ఆ కొండ మంచిది బావా, పైనే ఊట ఉంది. నేను అంతకంటే ఏమీ చెప్పలేను" అన్నాడు.

ఆఫీసరు గారిని అడగలేదు. అడిగితే వద్దంటారు కాబట్టి.

సరుకులు మోసుకుని పిల్లని నేనే దింపి వచ్చాను. బావ మంచెలో వదిలివెళ్ళిన అద్దం చేతికిచ్చాను. ఊట చూపించాను, పొయ్యి ఎక్కడ వెలిగించాలో, ఎలా నీళ్ళు చల్లి ఆర్పాలో చూపించాను. పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి, మర్చిపోకు తల్లీ, నా ప్రాణం ఆ మెరుపులో ఉంటుంది అన్నాను. ఊ అంది. దిగి వస్తూ వెనక్కి చూస్తే మంచె మీద నిలబడి ఉంది. నావైపు కాదు, అడవివైపు చూస్తోంది.

మర్నాడు పొద్దున్న అద్దం పట్టుకుని కూర్చున్నాను. లోయనిండా మంచు. పాలు పొంగి గిన్నె అంచుదాకా వచ్చి ఆగినట్టు తెల్లగా, కదలకుండా. దాని మీద రెండు కొండలు మాత్రం పైకి తేలి ఉన్నాయి, ఒకదాని మీద నేను, ఒకదాని మీద అది. మిగతా లోకాన్ని ఎవరూ ఇంకా తయారు చెయ్యనట్టుంది. అప్పుడు చుక్క పొడిచింది. బావ మెరుపు మేకు దిగ్గొట్టినట్టు నిలకడగా ఉండేది. ఇది రెపరెపలాడింది. ఒక పిల్ల చెయ్యి వణకడం లోయకి ఇవతల్నించి చూడొచ్చని నాకు అప్పుడే తెలిసింది. చలికో, భయానికో, ఏడుపుకో తెలీదు. కానీ మెరిసింది. బాగానే ఉన్నానంది.

అలా రోజులు గడిచాయి. నేను చేసిందల్లా కూర్చోవడం. వినేవాళ్ళు లేక నా కథలు నాలోనే పులిసిపోయాయి. మొదట్లో మంచె గుంజకి చెప్పుకున్నాను, తర్వాత అదీ మానేశాను. మానేశాక చిత్రంగా, అడవి వినిపించడం మొదలైంది. ఎన్నో ఏళ్ళు ఆ కొండ మీద ఉన్నాను. మిట్టమధ్యాహ్నం అన్ని పిట్టలూ ఒకేసారి నోరు మూసే క్షణం ఒకటుందని నాకు తెలీదు. ఆ క్షణంలో ఎండిన ఆకు కొమ్మని వదిలే చప్పుడు కూడా వినిపిస్తుంది. సాయంత్రం నా కొండ నీడ లోయలోకి దిగి, అవతలి కొండ పాదాల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకెక్కేది. నీడ మంచెని అందుకునేలోగా పిల్ల మెరిపించేది. ఒకరోజు దక్షిణం నుంచి పెద్ద రెక్కల పక్షులు, ఆకాశం ఈ చివర్నించి ఆ చివరిదాకా తాడు కట్టినట్టు, మా ఇద్దరి మధ్య నుంచి దాటిపోయాయి. అవి పోయాక వేళ కాని వేళ అవతల్నించి ఒక మెరుపు వచ్చింది. బాగున్నానని కాదు, పొగ అని కాదు. చూశావా అని. చూశానని నేనూ మెరిపించాను. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మెరిపించాను.

చెయ్యి వణకడం తగ్గింది. అదెప్పుడు తగ్గిందో గమనించలేదు. ఒకనాడు చూస్తే చుక్క నిలకడగా ఉంది.

ఆ తర్వాత ఒక పొద్దున్న మెరవలేదు.

మంచు విడిపోయింది. ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఎదుటి మంచె స్పష్టంగా కనిపిస్తోంది. అద్దం లేదు. నిద్రపోయిందేమో అనుకున్నాను. ఊటకి వెళ్ళిందేమో అనుకున్నాను. నేను మెరిపించాను, మళ్ళీ మెరిపించాను. జవాబు లేదు. మా అమ్మాయి గొంతు చెవిలో పడ్డట్టయింది. కాపలా, మంటలు, ఆఫీసరు గారు, అన్నీ అక్కడే వదిలేసి దిగాను.

లేడిలా పరిగెత్తానని నేను చాలామందికి చెప్పాను. రెండుచోట్ల జారి కూర్చున్నాను. చెప్పు తెగి ఒంటికాలి చెప్పుతో నడిచాను. ఎక్కేటప్పుడు ప్రతి చెట్టునీ కావలించుకుని ఊపిరి తీసుకున్నాను. దారంతా ఒక్క కథ కూడా నోటికి రాలేదు. తల్లీ, తల్లీ, అంతే.

మంచె కనిపించేసరికి పైన పిల్ల కనిపించింది. కూర్చుని ఉంది, బొమ్మలా. అరవబోయాను. అది అరచెయ్యి ఎత్తింది, ఆగమని. వేలితో కిందకి చూపించింది.

నిచ్చెన మొదట్లో లేడి ఉంది. దాని కాళ్ళ దగ్గర, తడిసిన ఆకుల కుప్పలాంటిది కదిలింది. అప్పుడే ఈనింది. తల్లి నాకుతోంటే కుప్పలోంచి ఒక చెవి లేచింది, తర్వాత ఒక కాలు. లేడిపిల్ల లేచి పడింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. తల్లి దాన్ని మూతితో కూడా తొయ్యలేదు. పక్కన నిలబడింది, అంతే. అడవి అంతా అలాగే నిలబడ్డట్టనిపించింది. నా కాలి కింద ఆకు చప్పుడవుతుందని ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచాను. నా నోరు నా అంతట నేను మూసుకున్న సందర్భం జీవితంలో అదొక్కటే. చివరికి అది నాలుగు పుల్లల్లాంటి కాళ్ళ మీద వణుకుతూ నిలబడి, లోకాన్ని ఒకసారి చూసి, తల్లి వెనకాల పొదల్లోకి నడిచిపోయింది.

మనవరాలు నిచ్చెన దిగి వచ్చింది.

"అద్దం మెరిపిస్తే బెదురుతుందని తియ్యలేదు తాతయ్యా. నువ్వు భయపడతావని తెలుసు. అయినా తియ్యలేదు." నా చెప్పులేని కాలు చూసి ఊట దగ్గరికి తీసుకెళ్ళి కడిగింది. కడుగుతూ, "ఎన్నిసార్లు పడినా తల్లి ఏమీ అనలేదు, చూశావా" అంది. "పాపం అనలేదు. అచ్చం నాన్నే అనలేదు."

ఆ రోజు అది మాట్లాడుతూనే ఉంది. ఏ పిట్ట ఎప్పుడు లేస్తుందో, వాన రాకముందే వానవాసన ఏ దిక్కునుంచి వస్తుందో. నేను ఊ, ఊహూ అన్నాను. అంతే.

మొదట్లో నా నోటి గురించి ఏం చెప్పానో మర్చిపోండి. రాళ్ళని మాట్లాడించే నోరు ఆ పిల్ల దగ్గర కొరగాకుండా పోయింది. దాన్ని మాట్లాడించింది నేను లేని కొండ. నేను చేసిన ఉపకారం లోయకి ఇవతల ఉండిపోవడం. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ చిన్నతనంగా లేదు, నోరు మూసుకోవడంలో నా అంత గొప్పవాడు ఇంకోడు లేడని ఇప్పుడు కోస్తున్నాను.

ఇంటికి వెళ్దామా అంటే, వానదాకా ఉంటానంది. ఉంది. వాన దక్షిణం నుంచి వచ్చింది. ఒక్కో కొండనీ బూడిదరంగు తెర కప్పుకుంటూ, నడిచి వచ్చినట్టే వచ్చింది. దాని కొండని కప్పేముందు, మిగిలిన ఆ కాస్త ఎండలో అద్దం ఆపకుండా మెరిసింది. పొగ కాదని నాకూ తెలుసు, దానికీ తెలుసు. తర్వాత తెర మూసుకుంది. నేను తడుస్తూ నిలబడ్డాను.

బావ జ్వరం తగ్గి తిరిగొచ్చి అద్దం ఏదని అడిగితే, పిల్ల పట్టుకుపోయిందని చెప్పాను. "పోనీలే, నీ మొహం చూసే బాధ తప్పింది" అన్నాడు. మా అమ్మాయి ఇంటి గోడ మీద ఇప్పుడు అదే అద్దం ఉంది. బడి తెరిచిన రోజు దాని ముందు నిలబడి తల్లీకూతుళ్ళిద్దరూ తలలు దువ్వుకున్నారట. మా అమ్మాయి పాపిట మళ్ళీ గీత గీసినట్టయింది. బడివాళ్ళు పేరు తియ్యలేదు.

ఇక్కడికి ఆపేద్దామనుకున్నాను. నిన్న మనవరాలు ఇదంతా చదివి కాగితాలు పక్కన పెట్టి, "ఇన్నాళ్ళయింది, అసలు సంగతి ఇప్పుడు చెప్పొచ్చులే తాతయ్యా" అంది. అమ్మకి చెప్పకు, ఏడుస్తుంది అని అప్పట్లో నా దగ్గర మాట తీసుకున్నది తనే. ఆ రోజు ఏం జరిగిందని మా అమ్మాయి అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా. అలా పుట్టింది ఆ లేడి. చెప్పగా చెప్పగా పిల్లని కూడా పెట్టింది.

లేడి లేదు. నేను రొప్పుకుంటూ చేరేసరికి మనవరాలు మంచె మీద, అద్దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. అద్దం మొహం తనవైపుకి తిప్పుకుని. ఎండ అద్దంలోంచి లేచి గడ్డం కింద, కళ్ళ చుట్టూ పడుతోంది. మంచు మీద తేలిన కొండలూ, ఆకాశం నిండిన పక్షులూ నేను చూశాను. అంత వెలుగు నేనెక్కడా చూళ్ళేదు. నిచ్చెన సగంలో ఆగిపోయాను.

"నాన్న పోయిన రోజు మొహం కడుక్కుందామని వెళ్తే, అద్దంలో నాన్న ఏడుస్తున్నాడు" అంది, తలెత్తకుండా. "నాన్న ఏడవడం నేనెప్పుడూ చూళ్ళేదు. చూడలేకపోయాను. అందుకే కొట్టాను. అన్నిట్లోనూ ఏడుస్తూనే ఉన్నాడు." అద్దాన్ని కాస్త పైకెత్తింది. "ఇవాళ ఏడవట్లేదు. అది చూస్తూ పొద్దు మర్చిపోయాను."

నాకేం చెప్పాలో తెలీనప్పుడు చెప్పేదే చెప్పాను. "నువ్వు మెరిపించలేదని, అక్కణ్ణించి ఇక్కడిదాకా లేడిలా ఒక్క పరుగున వచ్చానే" అన్నాను.

అద్దంలోంచి తలెత్తి, నా ఒంటికాలి చెప్పు చూసి, మోకాళ్ళ మీద మట్టి చూసి, పిల్ల ఎడమ కనుబొమ ఒక్కటీ పైకెత్తింది.